జితేంద్ర కాలి కింద వంద శబ్దాలు

జితేంద్ర గిటార్ వాయించడం తక్కువ, పెడల్ తొక్కడం ఎక్కువ. అండమాన్‌లోని గరాచర్మలో ఏ ఫంక్షనైనా సరే, బేస్ గిటార్ మెడకు తగిలించుకుని, చెన్నై నుంచి ఓడలో తెప్పించిన మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌ని పసుపు గుడ్డతో తుడిచి, చెప్పులు విప్పి మరీ బొటనవేలితో నొక్కుతాడు. అందులో వంద శబ్దాలున్నాయట. వేళ్లకు వచ్చినవి మాత్రం నాలుగే స్వరాలు, అవీ దారి తప్పినవే. పాటలు పాడే పద్మిని "శ్రుతి చూసుకో భయ్యా" అంటే, "ఎఫెక్ట్ గురించి నీకేం తెలుస్తాది దీదీ" అని జాలిపడతాడు.

సునామీ వచ్చిన మరుసటి ఏడు సంస్మరణ సభలో, పద్మిని పాట మధ్యలో, అతను అన్నిటికన్నా లోతైన శబ్దం నొక్కాడు. నేల అదిరింది, కుర్చీలు వణికాయి. కొడుకును కెరటానికి పోగొట్టుకున్న సింహాచలమ్మ ముందు వరుసలోంచి లేచి, "భూకంపమర్రా! గుట్టెక్కండి!" అని అరిచింది. సభంతా ఆమె వెనకే పరుగు తీసింది. జితేంద్ర కళ్లు మూసుకుని తొక్కుతూనే ఉన్నాడు.

గుట్ట మీద ఉత్త కాళ్లతో కూర్చున్న సింహాచలమ్మ చెప్పుల కోసం పద్మిని తిరిగొచ్చేసరికి, అతను పెడల్ తుడుచుకుంటున్నాడు.

"చూశావా దీదీ, నా బేస్‌కి ఒక్కళ్లూ కూర్చోలేకపోయారు!"