బాషా అరచేతిలోని సెన్సర్

ఇంజిన్ నుంచి పీకిన సెన్సర్ మెకానిక్ బాషా అరచేతిలో ఉంది. దానికి తగిలించే వైరు ఊరికే వేలాడుతోంది. తాళం ఆన్‌లో ఉన్నా ఇంజిన్ ఆగి ఉంది. డ్రైవర్ సీటు ఖాళీ. అయినా స్కానర్ తెర మీద, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చూపే అంకె సున్నా నుంచి పైకి లేచింది. మళ్లీ సున్నాకు దిగింది. అలా మూడుసార్లు. ఆ తర్వాత కదల్లేదు.

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ, పాడుబడ్డ బంగళాలో గజ్జెల చప్పుడు లాంటి వార్త ఏ మండలం నుంచి వచ్చినా పక్కన పడేసింది నేనే. ఇది పట్టపగలు, బత్తలపల్లి రోడ్డు పక్క రేకుల షెడ్డులో ముగ్గురం చూసిన సంగతి కాబట్టి రాస్తున్నాను.

కారు మా నాయనది. వయసులో ఉన్నప్పుడు ఆయన విడపనకల్లు వైపు పెట్రోలు జీపు తోలేవాడు. ముసలితనంలో కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ కారు ఇది. ఆయన పోయాక, పెద్దకొడుకునని అమ్మ తాళాలు నా చేతిలో పెట్టింది. 

నాయనకు తమ్ముడు రామాంజి అంటే ప్రాణం. శెనక్కాయ విత్తనాలకు పామిడి పోయినా, బోరు పాయింటు చూసేవాణ్ని పిలుచుకురావడానికి పోయినా పక్క సీట్లో వాడే. నేను అనంతపురంలో డెస్కు దగ్గర ఇతరుల వార్తలు దిద్దుతూ ఉండిపోయాను. సెలవుకు ఇంటికి పోతే వాళ్లిద్దరూ ఏదో మాటకు నవ్వుకునేవాళ్లు. అదేమిటో నాకు తెలిసేది కాదు. ఈ వయసులో తమ్ముడి మీద అసూయ ఏమిటని అడగొచ్చు. ఉండేది. తాళాలు అందుకున్నప్పుడు, నాయనది ఇదొక్కటైనా నాదైంది అనుకున్నాను.

కొద్దిరోజులకే కారు మొరాయించింది. మెల్లగా తొక్కుతూ పోతే మధ్యలో ఒక కుదుపు ఇచ్చి, నీరసించి, మళ్లీ అందుకునేది. నాయన ఎప్పుడూ చూపించే బాషా దగ్గరికే తీసుకుపోవాలనుకున్నాను. ఆ షెడ్డు ఎక్కడో తెలియక రామాంజిని వెంటబెట్టుకోవాల్సి వచ్చింది.

బాషా స్కానర్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, నన్ను మెల్లగా తొక్కమన్నాడు. అంకె సాఫీగా పెరుగుతూ ఒకచోట దబ్బున సున్నాకు పడి మళ్లీ లేచింది. ఎన్నిసార్లు తొక్కినా అక్కడే.

"థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ పోయింది సార్. లోపల పట్టీ మాదిరి ఉంటాది, మధ్యలో అరిగిపోయిండాది. ఎప్పుడూ ఒకే స్పీడులో తోలితే అట్లే అయితాది."

"నాయన నలభై దాటిస్తే గదా!" రామాంజి నవ్వాడు. "టీవీఎస్‌లో పోయే ముసలోళ్లు గూడా మమ్మల్ని దాటుకోని పోతాండ్రి. కొంచెం తొక్కు నాయనా అంటే, యాడికిరా అర్జెంటు, ఆడేమన్నా వాన పడతాందా అంటాండె."

బాషా కూడా నవ్వాడు. అతనికీ తెలుసు. నాకే తెలియదు.

నేను కారు దిగి వాళ్ల పక్కన నిలబడ్డాను. బాషా స్కానర్‌ను ఇంజిన్ పక్కన పెట్టి, తాళం ఆపడం మరిచి, కొత్తదానితో సరిచూడటానికి పాత సెన్సర్ ఊడదీశాడు. అప్పుడే ఆ అంకె కదిలింది.

"యా అల్లా" అంటూ బాషా సెన్సర్‌ను బెంచీ మీద పెట్టేశాడు.

నేను వంగి పెడల్ చూశాను. కదలిక లేదు. వైరు దేనికైనా తగిలిందేమో అన్నాను.

"వైరు తగిలితే అంకె ఎగురుతాది సార్. ఇట్ల మనిషి తొక్కినట్ల ఎక్కి దిగదు."

స్కానర్‌ను షెడ్డులో ఉన్న ఇంకో కారుకు తగిలించి చూశాడు. దానికేమీ లేదు.

రామాంజి మాత్రం బెదరలేదు. చేతిలో టీ గ్లాసుతో అలాగే నిలబడ్డాడు. కళ్లు నిండాయి.

"నాయనే అన్నా."

"నీకెట్ల తెలుసప్పా?" అన్నాను.

"మూడుసార్లు తొక్కందే తాళం తిప్పుతాడా ఆయప్ప? జీపుకు పెట్రోలు ఎక్కాలని తొక్కి తొక్కి అలవాటు. ఈ కారుకు అదేం పన్లేదని బాషా ఎంత మొత్తుకున్యా ఇన్యాడా? నీకు తెల్దా అన్నా?"

తెలియదు. నాయన వచ్చాడో లేదో కూడా చెప్పలేను. వచ్చి ఉంటే మాత్రం నేను గుర్తుపట్టలేదు, వాడు పట్టాడు. భయం కంటే ముందు నాకు కలిగింది ఆ మంటే.

కొత్త సెన్సర్ వేశాక కారు సాఫీగా పోతోంది. స్టార్ట్ చేసే ముందు నేనూ మూడుసార్లు తొక్కుతున్నాను. తర్వాత ఒకటి రెండుసార్లు ఒక్కణ్నే షెడ్డుకు పోయి, సెన్సర్ తీయించి, స్కానర్ ముందు చాలాసేపు కూర్చున్నాను. అంకె సున్నా దగ్గరే ఉంది. ఆ రోజు ఎందుకు కదిలిందో బాషా చెప్పలేడు, నేనూ చెప్పలేను.

"మీ తమ్ముణ్ని గూడా పిల్చుకోని రాండి సార్, చూస్తాం" అన్నాడు బాషా.

ఇంతవరకూ పిలవలేదు.