ట్రాక్ పాడిన గొంతు

నన్నెవరూ మోసం చెయ్యలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లంతా ఎవరినో ఒకరిని తిట్టబోతారు. తిట్టాలనిపిస్తే నన్నే తిట్టండి.

పాలకొల్లు దగ్గర బడిలో పాఠాలు చెబుతూ, ఆదివారాలు మా లూథరన్ చర్చిలో క్వయర్ ముందు వరసలో నిలబడి పాడుతూ నలభయ్యేళ్ల వయసు దాటించాను. సంఘంలో ఎవరు పోయినా సమాధి దగ్గర పాట నాదే. పెళ్లయినా నాదే. "మేడమ్ గారు బాగా పాడతారండి" అనేవాళ్లు, అనేసి భోజనాల వైపు నడిచేవాళ్లు. నాకది చాలేది కాదు. పాటొచ్చిన టీచరమ్మ అని కాదు, గాయని అనిపించుకోవాలని ఉండేది. అడిగినవాళ్లకి మాత్రం "అంతా దేవుని మహిమ కోసమేనండి" అని చెప్పేదాన్ని. అబద్ధం. అందులో సగమైనా నా మహిమ కోసమే.

ఒక వేసవి సెలవుల్లో పాట రాసి, బాణీ కూడా నేనే కట్టాను. కట్టాక రికార్డు చేయించాలనిపించింది. మా వైపు ఇది మామూలే. పాస్టరు గార్లు, రిటైరైన హెడ్మాస్టర్లు, ఆఖరికి ఎరువుల కొట్టు ఆయన కూడా పాట రాసుకుని రాజమండ్రి స్టూడియోకి వెళ్తారు. రాసినవాళ్లు ముందు తమ గొంతుతో పాడి ఇస్తారు. దాన్ని ట్రాక్ అంటారు. అది విని, పేరున్నవాళ్లు అసలు పాట పాడతారు. రాసినాయన తెల్ల చొక్కా వేసుకుని గోదారి గట్టు మీద నడుస్తూ వీడియోలో కనబడతాడు.

నేను ట్రాక్ పాడి బయటికి రాగానే స్టూడియో ఆయన, "బావుందండి మేడమ్. ఇదే ఉంచేద్దామా?" అన్నాడు.

"ఉంచేయండి. ఇంక వేరేవాళ్లెందుకు?" అన్నాడు మా ఆయన.

నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. "మీకేం తెలీదు, ఊరుకోండి. నా గొంతుతో పెడితే మన వీధి చివర కూడా దాటదు" అన్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, నా గొంతు నాకే చప్పగా అనిపించింది. పేరున్న గాయని పాడితే పాట ఊళ్లు దాటుతుంది, దాంతో పాటు నా పేరూ దాటుతుంది అనుకున్నాను.

రెండు వారాలకి, స్టూడియో ఆయన మాట్లాడి పెట్టిన గాయని వచ్చింది. మర్యాదస్తురాలు. "ట్రాక్ పాడింది మీరేనా అండి? హాయిగా ఉందండి" అంది. రెండుసార్లు విని, కాగితం మీద గుర్తులు పెట్టుకుంది. చరణం మధ్యలో ఒక చోట ఆపించి నన్ను అడిగింది.

"ఇక్కడ మాట సగంలో ఊపిరి తీశారండి. కావాలనేనా?"

కావాలని కాదు. ఇరవయ్యేళ్లుగా సుద్దముక్కల దుమ్ము పీల్చిన ఛాతీ నాది, అక్కడికొచ్చేసరికి ఊపిరి అందలేదు. ఆ ముక్క చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ ముందు నేనూ పాట తెలిసినదాన్నే అనిపించుకోవాలి మరి.

"కావాలనేనండి. అక్కడ భావం తెగాలి" అన్నాను.

"మంచి ఆలోచనండి" అని ఆవిడ అలాగే పాడింది. నిండు ఊపిరి ఉన్న మనిషి, ఊపిరి చాలనట్టు పాడింది. స్టూడియో ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మా ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు.

పాట ఊళ్లు దాటింది. నేను కోరిందే జరిగింది. తునిలో, పెనుగొండలో, పండగకి ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌లకి పాడుతున్నారని ఫోన్లొచ్చాయి. మెచ్చుకున్నవాళ్లంతా ఆ ఊపిరి తీసే చోటే మెచ్చుకున్నారు. "ఆవిడ అక్కడ ఆగుతుంది చూడండి, ఏడుపొచ్చేస్తుందండి" అనేవాళ్లు, నాతోనే. వీడియో కింద నా పేరు చిన్న అక్షరాల్లో ఉంది. నేను తప్ప ఎవరూ చదివినట్టు లేదు.

మా క్వయర్‌లో ఆ పాట ప్రాక్టీసు చేస్తుంటే, కొత్తగా చేరిన ఒకమ్మాయి నా మోచెయ్యి తట్టింది. "ఆంటీ, ఏమనుకోకండేం. మీరు ఊపిరి ముందే తీసేస్తున్నారు. ఆవిడ ఇంకో అక్షరం అయ్యాక తీస్తుందండి." పాట రాసింది నేనని ఆ అమ్మాయికి తెలుసు. ఆ ఊపిరి నాదని తెలీదు. "అలాగేనమ్మా" అన్నాను. ఇంటికెళ్లి, ఫోన్లో ఆవిడ పాట పెట్టుకుని, ఆ అక్షరం దాకా ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను. నా పాట నేనే, వేరొకావిడ దగ్గర!

ఒకసారి స్టూడియోకి ఫోన్ చేసి నా ట్రాక్ పంపమన్నాను. "ట్రాకులు ఉంచమండి మేడమ్. అసలు పాట అయిపోయాక తీసేస్తాం" అన్నాడాయన. ఆయన తప్పేముంది? ఉంచుతానన్నప్పుడు వద్దన్నది నేను.

మొన్న నరసాపురం వైపు ఒక పల్లెలో స్త్రీల సమాజం కూటానికి పిలిచారు. పాట రాసిన అక్కగారు స్వయంగా పాడతారని మైకులో చెప్పారు. పట్టుచీర కట్టుకుని వెళ్లాను. మాటల్లేని సంగీతం ఫోన్లో పెట్టి పాడమన్నారు. ఆ గాయని గొంతుకి తగ్గట్టు శ్రుతి పెంచి చేసిన సంగీతం అది. పల్లవి ఎలాగో గట్టెక్కించాను. చరణంలో పైకి వెళ్లేసరికి గొంతు జీరపోయి ఆగిపోయింది. ముందు కూర్చున్న ఆడవాళ్లు నేల చూపులు చూశారు. సమాజం అధ్యక్షురాలు నా పక్కకొచ్చి, ఎంతో ప్రేమగా అడిగింది.

"శ్రమపడకండి అక్కగారూ. ఆవిడ పాడింది పెట్టేద్దామా?"

వద్దనొచ్చు. సంగీతం ఆపేయండి, నాకొచ్చిన శ్రుతిలో నేను పాడతానని అనొచ్చు. వాళ్లంతా నా పాట వినడానికే వచ్చి కూర్చున్నారు.

"పెట్టేయండి" అన్నాను.

పాట అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికన్నా గట్టిగా. కొట్టకపోతే కుళ్లుకుంటోందనుకుంటారని భయం. కుళ్లుకుంటూనే కొట్టాను.