ఐసు చేపకి అక్కగారి ధర

చేపలత్త దుకాణం సంత మూలన, కుళాయి పక్కన ఉండేది. ఆవిడ ముందు మొప్ప ఎత్తి ఎర్రదనం చూపించి, ఆ తర్వాతే ధర చెప్పేది. పడవలు దండిగా వచ్చే చలికాలంలో వంజరం చవకయ్యేది, ఆవిడ గొంతు సంతంతా వినిపించేది. చేపలు గుడ్లు పెట్టే ఎండాకాలం నెలల్లో వేట ఆపేసేవారు. అప్పుడు ఐసు పెట్టెల్లో వచ్చే పాత సరుకే రెట్టింపు ధర పలికేది. దాన్ని తాజాదని మాత్రం ఆవిడ ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

వేట ఆగిన అలాంటి ఒక ఉదయం లెక్కల మాస్టారు ఒంటరిగా వచ్చారు. ఇన్నేళ్లూ బేరమాడింది ఆయన భార్యే. ఆమె పోయి నెలయిందని చేపలత్తకు తెలుసు. వంజరం కిలో ఎనిమిది వందలనగానే మాస్టారు మారుమాట లేకుండా డబ్బు తీశారు.

"ఆగండి మాస్టారూ! అక్కగారైతే ఇంతకి తీసుకునేదా? 'ఐసు చేపకి ఎనిమిదొందలా, నీకిది న్యాయమేనా' అని నన్ను దులిపేసేది కాదూ?" అంది చేపలత్త. "సరే, ఏడొందలు. ఊహూఁ, దానికీ ఒప్పుకోదు, సంచి విదిలించుకుని వెళ్లిపోతుంది. ఆవిడ మాటే కానీండి, ఆరొందలు."

మాస్టారు ఆరొందలు లెక్కపెట్టి ఇచ్చారు. కోసిన ముక్కలు సంచిలో పడ్డాక కూడా కదల్లేదు.

"కొసరు కూడా అడిగేది కదమ్మా," అన్నారు మెల్లగా.

"హమ్మయ్య, ఇప్పుడు అక్కగారి మొగుడనిపించుకున్నారు!" అంటూ చేపలత్త గుప్పెడు రొయ్యలు తీసి సంచిలో వేసింది.