పాత నారుమడిలో గూడ చప్పుడు

నేను ఒట్లు వేసే రకం కాదండీ. వాదిస్తాను, గెలుస్తాను, వెళ్ళి పడుకుంటాను. కానీ ఈ ఒక్కదానికి మాత్రం మా అమ్మ మీద ఒట్టు... నిజంగా జరిగింది. మొన్న సార్వాలో, వానాకాలం పంటకి నారు పోసినప్పుడు.

మాది హంసలదీవి దారిలో, కాలవ చిట్టచివరి పొలం. మా ఆయన ముత్తాత, ఆయన భార్యా కలిసి ఆ చవిటి నేలని మంచినీళ్ళతో కడిగి కడిగి సాగులోకి తెచ్చారట. బోదెలో, అంటే పొలం పక్క పిల్లకాలవలో, నీళ్ళు గూడతో తోడి. గూడంటే తాళ్ళు కట్టిన పెద్ద బుట్ట. అటొకరు, ఇటొకరు నిలబడి ఊపి, నీళ్ళని మడిలోకి చిమ్మాలి. వాళ్ళు మొదట తోడిన చోటే ఇప్పటికీ మా నారుమడి. దానికి ఇంజను పెట్టకూడదు, ఇంటివాళ్ళిద్దరు గూడ వేయాల్సిందే. అదీ ఆనవాయితీ. పాతికేళ్ళుగా నేనూ మా ఆయనా వేస్తూనే ఉన్నాం. నేను సణుక్కుంటూ.

ఈసారి మా ఆయనకి నడుం పట్టేసింది. మంచం దిగలేదు. నారు ఉప్పుకి ఎర్రబడుతోంది.

"నారు పోతే పొలం రొయ్యల చెరువుకి ఇచ్చేద్దాం అమ్మాయ్. చెరువులవాళ్ళు రేపొస్తున్నారు," అన్నారు మా పెద్ద బావగారు.

"బతికితేనో?"

"బతికితే నీ ఇష్టం. నోటితో తోడతావేమో, అదొక్కటీ బానే పనిచేస్తుందిగా!"

కాలవ నీళ్ళు మా కొసకి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆనవాయితీ లేదు, గీనవాయితీ లేదు అనుకుని ఇంజను పెట్టాను. పది నిమిషాలు తిరిగింది... ఆగిపోయింది. తాడు లాగాను. మళ్ళీ లాగాను. భుజం పడిపోయింది. గట్టు మీద కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. అంత అలసట.

అప్పుడు... బుడుంగ్.

కాస్త ఆగి... జల్ల్‌మని.

మళ్ళీ... బుడుంగ్. జల్ల్.

"ఎవరండీ అది? బావగారూ, మీరేనా? వేళాకోళానికి వేళా పాళా లేదా?"

బావగారు గూడ వేయడమా! లైటు వేశాను. బోదె దగ్గర ఎవరూ లేరు. గూడ కూడా లేదు. అది ఇంట్లో అటక మీద ఉంది. కానీ మడిలోకి నీళ్ళు వస్తున్నాయి... పారుతున్నట్టు కాదు. ఒక్కో విసురుగా. నా పాదాలు మునిగాయి. చల్లగా. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను... మంచినీళ్ళే.

విసురుకీ విసురుకీ మధ్య ఊపిరి వినపడింది. ఒకటి కాదు, రెండు. బెదిరించే ఊపిర్లు కావు... బాగా అలిసిపోయినవాళ్ళవి. నాలాగే.

లేచి పరిగెత్తాలి కదా? లేచే ఓపిక లేదు. "అత్తయ్యా..." అన్నాను. ఎవరినన్నానో నాకే తెలీదు. చప్పుడు ఆగింది...

చాలాసేపు ఆగింది...

బుడుంగ్.

తెల్లారి బావగారు చెరువులవాళ్ళని వెంటబెట్టుకొచ్చారు. మడి నిండుగా ఉంది. నారు కొసలు మాత్రమే పైకి కనపడుతున్నాయి. వచ్చినవాళ్ళు చూసి, వెళ్ళిపోయారు. బావగారు ఇంజను తాడు లాగి చూశారు.

"ఇంజను చెడిందిగా. ఎలా పెట్టావమ్మాయ్ తడి?"

"చేత్తో."

"ఎవరి చేత్తో?"

ఆ ఇంట్లో నేను జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే. తెలిస్తే చెప్పనా...