శుక్రవారం అమ్మని మెషీను

ఇది నేను బయట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్ని అయ్యుండీ, ఆనాటి పేజీలో మాత్రం "ఎండ మండిపోయింది. సాంబారులో ఉప్పెక్కువ" అని రాసి మూసేశాను. నిజానికి ఆ రోజు మండింది ఎండ కాదు, మా కాలేజీ ఆడిటోరియంలో ఒక మార్కెట్టు. తగలబెట్టింది నేను. అగ్గిపుల్ల మా నాయనమ్మది.

కంగారుపడకండి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మార్కెట్టూ ఉత్తుత్తిదే, డబ్బూ ఉత్తుత్తిదే. పోయిన పరువు ఒక్కటే అసలుది.

మాది పర్చూరు వైపు, మిరప, పత్తి వేసుకునే ఊరు. చదివింది గుంటూరు దగ్గర, పెదకాకాని దాటాక వచ్చే ఇంజినీరింగు కాలేజీలో. హాజరు పిలిస్తే "ఎస్సార్" అనడానికి ముందుగా గుండెలనిండా గాలి పీల్చుకునే రకం నేను. ఎవరైనా పలకరిస్తారేమోనని లైబ్రరీలో లావాటి పుస్తకం ఎంచుకుని దాని వెనకాల దాక్కునేదాన్ని. నా రూమ్మేటు రూతు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది మూడో అంతస్తులో నవ్వితే గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచేవాడు.

మూడో సంవత్సరంలో ట్రేడింగు పోటీ పెట్టారు. ఇద్దరిద్దరు కలిసి ఒక ప్రోగ్రాము రాయాలి. దాన్ని కంప్యూటర్లో కట్టిన ఉత్తుత్తి మార్కెట్లోకి వదిలేస్తే అదే కొని, అదే అమ్మి, లాభం సంపాదించాలి. సరుకులకు మన వైపు పేర్లే పెట్టారు: పత్తి, మిర్చి, పసుపు, సిమెంటు. ఆలూ లేదు, చూలూ లేదు, లాభం పేరు సోమలింగం.

గెలిచిన జట్టుకి మాత్రం నిఖార్సైన బహుమతి ఉంది. హైదరాబాదు కంపెనీలో వేసవంతా పని, నచ్చితే ఉద్యోగం. రూతు దానిమీద ప్రాణం పెట్టుకుంది. చీరాలలో టీచరుగా చేస్తున్న వాళ్ళమ్మ అప్పుడే ఆ కబురు చర్చిదాకా మోసేసింది.

"ఆదివారం పాస్టరుగారు మన ఆల్గారిథం కోసం ప్రార్థన చేశారే!" అంది రూతు.

"ఆల్గారిథం అంటే ఏంటో ఆయనకి తెలుసా?"

"తెలీదు. ఏదో జబ్బనుకున్నారు. త్వరగా స్వస్థత కలగాలని చేశారు."

ఎవరు ఎలా చేసినా ప్రార్థన ప్రార్థనే కదా అనుకున్నాం. ప్రోగ్రాము రాయడం నా వంతు, మాట్లాడడం దాని వంతు. ధర పడితే కొను, పెరిగితే అమ్ము. మొత్తం అంతే, మిగతాదంతా లెక్కలు.

పోటీకి ముందు ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను పక్కనే చాప మీద లాప్‌టాప్ పెట్టుకున్నాను.

"ఏందే అమ్మాయ్, ఆ పెట్టెతో ఆ తంటా?"

"పోటీ, నాయనమ్మా. ఇది దానంతటదే మిర్చి కొంటది, దానంతటదే అమ్ముద్ది."

"మరి కమీషను ఏజెంటో?"

"ఉండడు."

"ఉండడా!" అంది. కంప్యూటరు మీద ఆమెకి గౌరవం పుట్టడం నేను కళ్ళారా చూశాను. చేతిలో కాయ పక్కన పెట్టి మరీ దానివైపు తిరిగింది. "బాగానే ఉంది గానీ, శుక్రవారం కూడా అమ్ముద్దా?"

మా ఇంట్లో శుక్రవారం గడప దాటి ఏదీ బయటికి పోదు. లక్ష్మి వెళ్ళిపోతుందని. పొరుగింటావిడ తోడుకని చెంచాడు పెరుగు అడిగినా "రేపు రామ్మా" అనే ఇల్లు మాది.

"అది మెషీను, నాయనమ్మా. దానికి లక్ష్మంటే ఎవరో తెలీదు."

"నీకు తెలుసుగా? రాసేది నువ్వేగా?"

అంటూనే నా చెయ్యి లాక్కుని తన తలమీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. శుక్రవారం ఒక్క కాయ అమ్మకూడదు, అంతే."

ఇంకో పిల్లైతే సరేనని మర్చిపోయేది. ఎదుటి మనిషికి కాదని చెప్పలేకపోవడం, ఇచ్చిన మాట మర్చిపోలేకపోవడం, ఈ రెండు రోగాలూ నాకున్నాయి. (పాస్టరుగారు వీటికోసం ప్రార్థించినా బాగుండేది.) అప్పుడే ఒక వాక్యం చేర్చాను: ఈ రోజు శుక్రవారమైతే అమ్మకు. పోటీ ఎలాగూ శనివారం. పెళ్ళిపందిట్లో మూల కుర్చీలో కునుకుతీసే పెద్దాయనలా ఆ వాక్యం ఓ పక్కన పడుంటుంది, ఒట్టూ నిలుస్తుంది. పాము చచ్చింది, కర్ర విరగలేదు అని మురిసిపోయాను. పాముకి పట్టింది నిద్ర మాత్రమేనని తర్వాత తెలిసింది.

తిరిగొచ్చేసరికి మా సార్ క్లాసులో ప్రకటించారు: "శనివారం ఆడిటోరియం సీనియర్ల ఫేర్‌వెల్‌కి ఇచ్చేశారు. పోటీ ఒకరోజు ముందుకి జరిపాం."

అయ్యో, ఒకరోజు పోయిందేనని అందరూ గొణిగారు. నేనూ గొణిగాను. ఆ గొణుగుడులో మూల కుర్చీలోని పెద్దాయన సంగతే మర్చిపోయాను. లెక్కలన్నీ మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. ఒట్టుని ఎవరు సరిచూస్తారండీ?

పోటీ నియమం ఒక్కటే. గంట కొట్టాక ఎవరూ కంప్యూటరు ముట్టుకోకూడదు. తాడు కట్టి మమ్మల్నందర్నీ దాని వెనక నిలబెట్టారు. ఎదురుగా పెద్ద తెర, దానిమీద జట్ల పేర్లు. మా జట్టుకి రూతు "ఎర్ర బంగారం" అని పేరు పెట్టింది.

గంట మోగింది. మిర్చి ధర కొంచెం పడింది. మాది కొంది. ఇంకాస్త పడింది, ఇంకాస్త కొంది. మేం కొంటుంటే ధర లేచింది. లేచే ధరను చూసి మిగతా జట్ల ప్రోగ్రాములు కూడా ఎగబడ్డాయి. గొర్రెలకే కాదు, కంప్యూటర్లకూ ముందు నడిచేవాడుంటే చాలు. చేతిలో ఉన్న సరుక్కి అప్పటి ధర కట్టి మార్కులు వేస్తున్నారు కాబట్టి, ఎర్ర బంగారం తెరమీద మెట్లెక్కి మెట్లెక్కి పైకి చేరింది.

"ఫస్టే! మనమేనే ఫస్టు!" రూతు నా భుజం పట్టుకుని కుదిపేసింది. "అమ్మకి ఫోన్ చెయ్యనా?"

"ఆగవే, అమ్మితేగా లాభం. ఇప్పుడు అమ్ముద్ది చూడు," అన్నాను గొప్పగా.

అమ్మలేదు.

"ఎవరమ్మా ఈ ఎర్ర బంగారం?" సార్ మైకులో అడిగారు. రూతు నా చెయ్యి పట్టి పైకి లేపింది. హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. దాక్కోవడానికి పుస్తకం లేదు. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక ముందు వరుసలో అమ్మాయిల జడల మీద పెట్టాను.

అందరి జుట్టూ తడిగా ఉంది. అందరూ తలంటు పోసుకుని, చివర చిన్న ముడి వేసి వదిలేశారు. ఒకమ్మాయి చెవి పక్కన పసుపు కూడా సరిగ్గా కడుక్కోలేదు.

నా బుర్రలో మూల కుర్చీ కిర్రుమంది. పెద్దాయన నిద్ర లేచాడు.

"రూతూ," అన్నాను, "ఇవాళ ఏం వారం?"

"శుక్రవారం. ఏందే అట్టా తెల్లబోయావ్?"

"ఏం లేదు."

అప్పటికి మా డబ్బంతా మిర్చిగా మారిపోయింది. ఇక కొనడానికి పైసా లేదు, అమ్మడానికి ఒట్టు అడ్డం. మిగతా జట్లు లాభం చూసుకుని అమ్మడం మొదలెట్టాయి. ధర కుప్పకూలింది, కల్లంలో కాయలమీద వాన పడ్డట్టయింది. అందరూ పరదాలు ఎత్తుకుని పరుగెడుతుంటే మా ప్రోగ్రాము ఒక్కటే వానలో దున్నపోతులా నిలబడింది.

"అమ్ము! అమ్మవే తల్లీ! నీ కాళ్ళు మొక్కుతా!" రూతు తెరమీదకి అరిచింది. తర్వాత నావైపు తిరిగింది. "ఎందుకమ్మట్లేదే అది? బగ్గా?"

"బ... బగ్గే."

చివరి గంట మోగేసరికి ఎర్ర బంగారం అట్టడుగున ఉంది. దానికింద తెర అంచు తప్ప ఇంకేమీ లేదు. రూతు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో మైకులో మా జట్టు పేరు వినిపించింది.

హైదరాబాదు కంపెనీ నుంచి వచ్చిన మేడం మమ్మల్ని స్టేజి మీదికి పిలిచింది. "అంత పైన ఉన్నప్పుడు ఒక్క బస్తా కూడా ఎందుకు అమ్మలేదు మీరు?"

రూతు కళ్ళు తుడుచుకుని మైకు అందుకుంది.

"మేడం, మా వైపు రైతు అంతేనండి. రేటు ఇంకా పెరుగుద్దని ఆశ. పడితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూచుంటాడు. ఆ మనసునే మేం మెషీనుకి నేర్పాం. అది మార్కెట్టులో ఎట్టా నలిగిపోద్దో ఇప్పుడు మీరే చూశారు. గెలవడానికి కాదండి, చూపించడానికి చేశాం!"

హాలు దద్దరిల్లింది. ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదని తెలిసిన నాకు కూడా చప్పట్లు కొట్టాలనిపించింది.

మేడం నావైపు తిరిగింది. "కోడ్ రాసింది నువ్వా? అమ్మకుండా ఆపాలన్న ఆలోచన ఎవరిది?"

ఆ హాల్లో నేనాడిన ఒకే ఒక్క నిజం అప్పుడు బయటికొచ్చింది. "మా నాయనమ్మదండీ."

అందరూ పగలబడి నవ్వారు. బిడియస్తురాలికి కూడా హాస్యం తెలుసని సార్ మెచ్చుకున్నారు.

గెలిచినవాళ్ళకి వాళ్ళ బహుమతి దక్కింది. తర్వాత కొన్నాళ్ళకి రూతుకీ పిలుపొచ్చింది, ఇలా మాట్లాడే పిల్ల మాకు కావాలని. ఇప్పటికీ అక్కడే ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ళకి కోల్డ్ స్టోరేజీ సిద్ధాంతం పాఠం చెబుతుందట. ఎలా చెప్పమంటారు దానికి?

పోటీ అయిన సాయంత్రమే ఊరికి బస్సెక్కాను. నేను చేరిన కాసేపటికి నాన్న మిర్చి యార్డు నుంచి వచ్చాడు, చొక్కా నిండా ఎర్ర దుమ్ముతో, తుమ్ముకుంటూ.

"కాయలు అమ్మావంట్రా?" అంది నాయనమ్మ.

"నిన్ననే అమ్మేశానమ్మా. తూకం కాగితాల కోసం ఇవాళ్టిదాకా ఆగా." చెప్పి, ఆమె చూడకుండా నాకు కన్నుకొట్టాడు. శనాదివారాలు యార్డు ఉండదు, శుక్రవారం కూడా వదులుకుంటే ఎట్టా అన్నది ఆ కన్నుకొట్టడంలో ఉంది. నాన్న కూడా ఒట్టేసినవాడే మరి.

నాన్న స్నానానికి వెళ్ళాక నాయనమ్మ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆమెకి ఒక్కదానికే. నోట్లో వక్కపొడి తుళ్ళేదాకా నవ్వింది.

ఇక మీదట నేను రాసే ఏ ప్రోగ్రాములోనూ వారం, వర్జ్యం, రాహుకాలం, ఇంట్లో పెద్దవాళ్ళ ఒట్టు చొరబడనివ్వనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎవరిమీద ఒట్టేసి అని మాత్రం అడక్కండి.

నాయనమ్మ ఇప్పుడు లేదు. నేను ఉద్యోగానికి బయల్దేరిన రోజు వాకిట్లో అదే చోట కూర్చుని ఉంది. ఆటో హారను కొడుతున్నా నా చెయ్యి వదల్లేదు. తర్వాత సెలవుకి నేనొచ్చేలోపే వెళ్ళిపోయింది కాబట్టి, నాతో ఆమె అన్న ఆఖరి మాటలు ఇవే:

"మీ నాన్న శుక్రవారం అమ్మి గురువారం అంటాడు. ఒంటిమీద ఘాటు ఇవాళ్టిదో నిన్నటిదో నాకు తెలవదా? ఇన్నేళ్ళలో నా మాట విన్నది నీ మెషీనొక్కటేనే. ఈసారి వచ్చేప్పుడు దాన్ని తీసుకురా, దిష్టి తీస్తా."