పదిహేను, నలభై సంబంధం

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో తాడేపల్లిగూడెంలో నా పెళ్లిచూపులు జరిగాయి. పెళ్లికొడుకు వాళ్లది కలిదిండి. చేపల లోడుతో అస్సాం వెళ్లే లారీ ఉంది. మా నాన్నకీ లారీ ఉండటంతో మాటలు కాస్తా ఇంజన్ ఆయిలు మీదకు మళ్లాయి.

"అక్కడి చలికి పదిహేను నలభై అయితేనే బాగా కుదురుతుందండీ. వేసవికైతే ఇరవై యాభై మేలు" అంటున్నారు నాన్న.

లోపల నాకు జడ వేస్తున్న మామ్మకు ఆ అంకెలే వినిపించాయి. దువ్వెనతో సహా ముందుగదిలోకి వెళ్లింది.

"పిల్లకి ఇరవై ఒకటి నిండితే పదిహేనంటావేంట్రా? నలభయ్యేళ్ల వాడికి కట్టబెడతావా? పైగా వేసవికల్లా అతనికి యాభై వచ్చేస్తాయా?"

సగం అల్లిన జడతో తలుపు చాటున సిగ్గుతో చచ్చిపోయాను. సంబంధం పోయినట్టే అనుకున్నాను. అంతలో పెళ్లికొడుకే లేచి, "మామ్మగారూ, అవి ఆయిలు నంబర్లండీ. నాకు ఇరవై ఆరేనండీ" అన్నారు. ఇల్లంతా నవ్వులే. ఆ నవ్వుల్లోనే సంబంధం ఖాయమైపోయింది.

ఇప్పటికీ చలికాలం ముందు లారీకి ఆయిలు మార్పించేటప్పుడు మావారు వంటింట్లోకి తొంగిచూసి, "ఏమోయ్, ఇప్పుడు మన వయసులెంత?" అని అడుగుతారు.

"పదిహేను, నలభై" అంటాను. అసలు వయసులు ఆ పూటకి ఇద్దరికీ గుర్తుండవు.