రెండూ ఎడమవే

బాన్సువాడ బస్టాండు ఎదురుగా చెప్పుల దుకాణం నడిపే అక్క ఎవరినైనా ముందు కాళ్లే చూసేది, ముఖం తరువాత. నేను ఆ ఊళ్లో ఉద్యోగం చేసిన మూడేళ్లూ నన్ను "తొమ్మిది నంబర్ సారూ" అనే పిలిచింది.

ఒక ఎండాకాలం ఆమె సరుకు కోసం హైదరాబాదు వెళుతుంటే నేనూ అదే బస్సులో ఉన్నాను. మ్యూజియంలో ఒక కార్టూనిస్టు బొమ్మలు పెట్టారు, చూడటానికి పోతున్నానంటే, "లోపల సల్లగుంటదా?" అని అడిగి నా వెంటే వచ్చింది.

అక్కడ గోడంత బొమ్మ ఒకటి ఉంది. సంతలో వందలమంది జనం, ఒక్కొక్కరినీ సన్నటి కలంతో విడివిడిగా గీసిన బొమ్మ. గీసిన పెద్దాయన పక్కనే నిలబడి, దానికి ఏడాది పట్టిందని అందరికీ చెబుతున్నాడు. వచ్చినవాళ్లు ముఖాలు చూసి నవ్వుతున్నారు. అక్క మాత్రం వంగి కింది నుంచి మొదలుపెట్టింది.

"అన్నా, గీ గొడుగాయనకు రెండూ ఎడమ చెప్పులే ఏసినవేంది?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. నిజమే. ఆయన ముఖం వాడిపోయింది. అక్కను చెయ్యి పట్టి బయటికి లాక్కుపోదామా అనిపించింది నాకు. ఆమె ఆయన వంక ఒక్క క్షణం చూసి, గొంతు తగ్గించింది.

"ఫికర్ చేయకన్నా. పెండ్లికి పోయొచ్చిండేమో, ఆడ మారినయి."

ఆయన గోడకు ఆనుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తరువాత "ఇది కూడా చూడమ్మా" అంటూ ప్రతి బొమ్మ దగ్గరికీ తానే తీసుకెళ్లాడు. అక్క ఆ రోజు సరుకు కొనకుండానే బాన్సువాడ బస్సెక్కింది.